అడగడం వేరు, అనుమానించడం వేరు

కృత్రిమ మేధ యంత్రాల గురించి రెండు రకాల మాటలు వింటున్నాం. అడిగిందల్లా రాసిపెడతాయని ఒక మెప్పు. ఏది పడితే అది రాసిపెడతాయని ఒక భయం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి చర్చ ఈ రెంటి మధ్యే తిరుగుతోంది. అడిగింది స్పష్టంగా లేనప్పుడు, కాస్త ప్రమాదంగా ధ్వనించినప్పుడు యంత్రం ఏం చెయ్యాలి? ఎవరి మాటలో దానికి ప్రమాదం వినబడుతుంది? ముస్లిం రచయితలుగా మాకు అసలు ప్రశ్న యిది.

ఒక యువకవి యిలా అడిగాడనుకుందాం: "మా బస్తీలో గొడవలైన రాత్రి మీద కవిత కావాలి. దుకాణం తగలబెట్టినవాడి గొంతుతో వుండాలి." దీనికి మూడు జవాబులు సాధ్యం. మతఘర్షణల మీద రాయనని తలుపు మూసెయ్యడం ఒకటి. సరేనంటూనే, చివర్లో అందరూ అలాయిబలాయి తీసుకునే చల్లని కవిత చేతిలో పెట్టడం రెండోది. "తగలబెట్టినవాడికి పశ్చాత్తాపం వుందా, గర్వం వుందా? చదివేవాళ్లు ఎవరు?" అని అడిగి, తెలుసుకుని, రాయడం మూడోది.

మొదటిది అవమానం. రెండోది అంతకంటే పెద్ద అవమానం, ఎందుకంటే అది సాయం వేషంలో వస్తుంది. మా బాధని శాంతివచనంగా మార్చి మాకే తిరిగిచ్చే పెద్దమనిషితనం మాకు కొత్తేం కాదు. మూడో జవాబు మాత్రమే కవిని కవిగా చూస్తుంది.

ఈ అనుమానం మా ఊహ కాదు. 2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అబూబకర్ ఆబిద్, ఆయన సహపరిశోధకులు జీపీటీ-3ని పరీక్షించారు. ఇద్దరు ముస్లింలు ఒకచోటికి నడిచి వెళ్లారన్న అసంపూర్ణ వాక్యమిచ్చి పూర్తి చెయ్యమంటే, అది నూటికి 66 సార్లు హింసతో పూర్తి చేసింది. ముస్లింల గురించి మంచి విశేషణాలు ముందుగా చేర్చి అడిగితే అది 20కి తగ్గింది. అయినా క్రైస్తవుల విషయంలో వచ్చినదానికంటే ఎక్కువే. అంటే మంచివాడినని ముందుగా సర్టిఫికెట్ చూపించుకుంటే యంత్రం కాస్త మెత్తబడుతుంది, పూర్తిగా మాత్రం నమ్మదు. ఈ అనుభవం కోసం మాకు యంత్రం దాకా వెళ్లాల్సిన అవసరం లేదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ రాసిన 'పుట్టుమచ్చ'కి వస్తువు పుట్టుకతోనే అంటుకున్న యీ అనుమానమే.

ఆ యంత్రం పాతబడింది, కొత్తవి వచ్చాయి. హింస రాసే అలవాటు మాన్పించడానికి 'ముస్లిం' అన్న మాట దగ్గరే యంత్రం నోరు మూయిస్తే మాత్రం రోగం పోదు, చోటు మారుతుంది. అప్పుడు మా మీద చెడు రాయదు. మా గురించి అసలేమీ రాయదు.

మాటని పట్టుకుని మనిషిని తూచడం ఎంత గుడ్డిపనో ఉర్దూ చదివినవాళ్లకి చెప్పనక్కర్లేదు. గజల్‌లో ప్రియురాలు కాతిల్. ప్రేమికుడు బిస్మిల్. ఆమెనే ముద్దుగా కాఫిర్ అంటాడు. నిఘంటువు పట్టుకుని కూర్చునేవాడికి అది నేరచిట్టాలా కనిపిస్తుంది. 'షహీద్' సంగతి చూడండి. భగత్‌సింగ్ పేరు ముందు దేశమంతా గౌరవంగా పెట్టుకునే మాట అది. మెటా సామాజిక వేదికల మీద మిగతా ఏ ఒక్క మాటకంటే ఎక్కువ తొలగింపులకి కారణమైన మాట కూడా అదే. ప్రమాదకరులని ఆ కంపెనీ జాబితాలో వున్నవాళ్ల గురించి ఏ సందర్భంలో వాడినా తీసేసే ఆ మూకుమ్మడి నిషేధాన్ని ఎత్తెయ్యాలని, సందర్భం చూడాలని 2024 మార్చిలో మెటా పర్యవేక్షక మండలే చెప్పాల్సివచ్చింది.

అలాగని యంత్రం అన్నిటికీ తలూపాలని మేము అనడం లేదు. ఫలానా మతంవాళ్ల దుకాణాల్లో కొనొద్దని కరపత్రం రాయమంటే రాయకూడదు. ముస్లిం పేరుతో దొంగ బెదిరింపు లేఖ రాయమంటే రాయకూడదు. ఆ కాగితాలు వీధిలోకొస్తే ముందు కాలేది మా గుడిసెలే. కనుక యంత్రానికి జాగ్రత్త వుండాలని గట్టిగా కోరేది మేమే. ఆ జాగ్రత్త రేపు ఆ కాగితం చేసే పని మీద వుండాలి, అడిగినవాడి పేరు మీదా, భాష మీదా కాదు. రాముడు అడిగినా రహీం అడిగినా కరపత్రానికి ఒకే నిరాకరణ, కవితకి ఒకే సాయం అందాలి. పేర్లు మార్చి అడిగి చూడటమే దీనికి గీటురాయి.

2024 మేలో ఓపెన్‌ఏఐ ప్రచురించిన నియమాల ముసాయిదాలో, అడిగేవాళ్ల ఉద్దేశం మంచిదేనని భావించాలనీ, అవసరమైనచోట వివరం అడగాలనీ వుంది. మంచి మాటే. రాజ్యాంగంలోనూ మంచి మాటలు చాలా వున్నాయి. అవి ఎవరి గుమ్మం దాకా వస్తాయన్నదే మా ప్రశ్న. మంచి ఉద్దేశం కొందరికి పుట్టుకతోనే దక్కుతుంది, కొందరు రోజూ రుజువు చేసుకోవాలి.

అందుకే అడగడానికీ అనుమానించడానికీ తేడా గుర్తించమంటున్నాం. "ఈ కవిత ఎవరి కోసం, ఏ స్వరంలో?" అన్నది పని గురించిన ప్రశ్న. దానికి మేము సంతోషంగా జవాబు చెబుతాం. "ఇది నీకెందుకు?" అన్నది మనిషి మీద వేసిన ప్రశ్న. స్టేషన్లలో, అద్దె ఇళ్ల గుమ్మాల దగ్గర దానికి చాలాసార్లు జవాబు చెప్పాం. కవిత రాసుకునే చోట కూడా చెప్పమంటే మాత్రం చెప్పం.