పూలు కోసిన చేతులే గింజలు ఏరాలి

బతుకమ్మ వస్తే మా గోదావరిఖనిలో చాలా ఇళ్లవాళ్లు తంగేడు, గునుగు మార్కెట్లో కొనుక్కుంటున్నారు. క్వార్టర్ల వెనక బీడు ఉన్నన్నాళ్లు ఆ అవసరం రాలేదు. తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడా. ఊళ్ల నుంచి ఎవరో తెచ్చి అమ్మితే తప్ప పళ్లెంలోకి రాకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఆ బీడు ఓపెన్‌కాస్ట్ గనిలో కలిసిపోయింది. ఇలాంటి గని బొగ్గు మీదున్న నేలను మొత్తం తవ్వి తీస్తుంది. ఏళ్ల తరబడి రాలిన గింజలు దాచుకున్నది పైన జానెడు మట్టే. అది రాళ్లతో కలిసి ఓబీ గుట్టల (బొగ్గు పైనుంచి తవ్వి పోసిన మట్టి, రాళ్ల కుప్పల) అడుగున పడితే వాన పడ్డా అందులోంచి మొలక రాదు. ఆ మట్టిని విడిగా తీసిపెట్టి మళ్లీ పైన పరిస్తే కొంత మేలు. అయితే కుప్ప పోసి ఏళ్లు గడిస్తే గింజల్లో జీవం తగ్గుతుంది. గుట్టల మీద మొక్కలు నాటుతున్నారు, మంచిదే. కానీ గడ్డీ, పొదా, తీగా కలిసి ఉన్న పాత బీడు తిరిగి రావాలంటే ఆ జాతుల గింజలు ఎవరో ఒకరి ఇంట్లో బతికి ఉండాలి.

అందుకే తీరిక దొరికినప్పుడల్లా మేం కొందరం గింజలు ఏరుతున్నాం. తంగేడు కాయ గోధుమరంగుకు తిరిగి ఎండాకే కోస్తాం. ఒక్క పొదనే దులపకుండా నాలుగు చోట్ల కొంచెం కొంచెం తీసి, మిగిలింది వదిలేస్తాం. నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, చెట్టు పేరు, చోటు, నెల రాసిపెడతాం. తంగేడు గింజ పెంకు గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది. వేప, ఇప్ప గింజలు మాత్రం దాచేవి కావు. వారాల్లోనే మొలకశక్తి పోతుంది కాబట్టి తొలకరికి రాలిన వెంటనే పంచేయాలి. గింజను కాపాడే పద్ధతుల్లో పంచడమే అన్నిటికన్నా నమ్మకమైనదని నాకు వీటితోనే అర్థమైంది. ఒక ఇంట్లో పురుగు పట్టినా ఇంకో ఇంట్లో మిగులుతుంది.

ఇదేమీ కొత్త పని కాదు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గింజలు ఏరి, దారుల వెంట చల్లుతూ జీవితమంతా గడిపారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, పప్పుల పాత విత్తనాలను ఇళ్లలోనే దాచి, ఒకరికొకరు బదులిచ్చుకుంటూ నిలబెట్టారు. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. సొంత విత్తనాన్ని దాచుకుని పంచుకునే హక్కును 2001 నాటి చట్టం కూడా రైతుకు ఇచ్చింది.

ఈ ఏడు బతుకమ్మకు తంగేడు కోసేటప్పుడు ప్రతి పొద మీద కొన్ని పూలు ఉంచేయండి. సంక్రాంతి దాటాక అదే పొద దగ్గరికి మళ్లీ వెళ్లి, ఎండిన కాయలు గుప్పెడు తెచ్చి, సగం పక్కింటివాళ్లకు ఇవ్వండి.