పాఠ్యపుస్తకాలలో వింతల గడులు – ఒక విమర్శ

పాఠశాలలకు పుస్తకాలు సిద్ధం చేసే ప్రచురణ సంస్థలలో ఎవరి పేరూ అచ్చుకాని పని ఒకటి ఉన్నది. పాఠం ముగిసిన చోట పుటలో కొంత ఖాళీ మిగులుతుంది. దానిని నింపడానికి సంపాదకవర్గంలో ఎవరో ఒకరు విజ్ఞానశాస్త్రంనుంచో, చరిత్రనుంచో, భాషనుంచో ఒక వింతను ఏరి తెచ్చి, చుట్టూ గీత గీయించి, పైన "మీకు తెలుసా?" అని పెడతారు. పాఠం మరచిపోయిన విద్యార్థికి కూడా ఆ గడిలోని మాట చిరకాలం జ్ఞాపకం ఉంటుంది. ఇంత బలం గల ప్రక్రియను మన సమీక్షకులు సాధారణంగా పట్టించుకోరు. పాఠ్యవిషయంలోని దోషాలను శ్రద్ధగా ఎత్తిచూపేవారు సైతం గడుల జోలికి పోరు. అవి వినోదం కోసమే కదా అని కాబోలు.

వింతలు చెప్పవలసిందే. కుతూహలం లేనిదే శాస్త్రం లేదు. అయితే వింతతోపాటు, అది మనకు ఎట్లా తెలిసిందో కూడా చెప్పాలి. మన గడులలో సామాన్యంగా కొరవడేది ఇదే.

అందరూ ఎరిగిన ఉదాహరణ తీసుకొందాం. చంద్రునిమీదనుంచి చూస్తే మానవ నిర్మాణాలలో చైనా మహాకుడ్యం ఒక్కటే కనిపిస్తుందని ఎన్నో దేశాల బాలల పుస్తకాలు చెప్పినవి. ఈ ఊహ చాలా పాతది. ఇంగ్లండుకు చెందిన విలియం స్టక్లీ 1754లోనే ఒక లేఖలో ఇటువంటి మాట రాశాడు. రిచర్డ్ హాలిబర్టన్ 1938లో పిల్లలకోసం వెలువరించిన అద్భుతాల పుస్తకం దీనికి మరింత ప్రచారం కల్పించింది. చంద్రునిమీద మనిషి అడుగుపెట్టినది 1969లో. అంటే అక్కడినుంచి చూసివచ్చినవాడు ఒక్కడైనా లేని కాలంలోనే అక్కడినుంచి ఏమి కనబడుతుందో పుస్తకాలు నిశ్చయంగా చెప్పినవి! ఈ ఒక్క సంగతి చాలు, సంపాదకునికి అనుమానం కలగడానికి.

అనుమానం కలిగితే చేయవలసిన లెక్క పెద్దది కాదు. మామూలు కంటికి ఒక వస్తువు, దాని వెడల్పుకు సుమారు 3,400 రెట్ల దూరం వరకే వేరుగా గుర్తుపట్టే విధంగా ఉంటుంది. చంద్రుని సగటు దూరం 3,84,000 కిలోమీటర్లు. ఈ లెక్కన అక్కడినుంచి కనబడాలంటే గోడ వెడల్పు ఇంచుమించు 110 కిలోమీటర్లుండాలి. ఉన్నదేమో అయిదారు మీటర్లు. గోడ చాలా పొడవైనది కదా అనవచ్చును. తెల్లని ఆకాశంమీద నల్లని తీగ, పై లెక్క ఒప్పుకొనేదానికన్నా నూరు రెట్లు సన్ననిదైనా కనబడుతుందన్నది నిజమే. ఆ సడలింపు ఇచ్చినా గోడ ఒక కిలోమీటరుకు పైగా వెడల్పుండాలి. పైగా మహాకుడ్యంలో చాలా భాగం చుట్టూ ఉన్న నేల రంగులోనే ఉంటుంది. గోడను చంద్రునినుంచి చూడడమంటే తల వెంట్రుకను 5 కిలోమీటర్ల దూరంనుంచి చూడడమే. ఈ పోలికనే గడిలో వేసి ఉంటే విద్యార్థికి ఎంత మేలైన వింత దొరికేది!

చైనా ప్రాథమిక పాఠశాలల వాచకంలో కూడా, అంతరిక్షంనుంచి మహాకుడ్యం కనబడుతుందని చెప్పే పాఠం ఒకటి ఉండేది. 2003 అక్టోబరులో ఆ దేశపు మొదటి వ్యోమగామి యాంగ్ లివెయ్ భూమి చుట్టూ తిరిగివచ్చి, తనకు గోడ కనబడలేదని చెప్పాడు. ఆయన తిరిగినది చంద్రుని దగ్గర కాదు, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే. మరుసటి సంవత్సరం ఆ పాఠాన్ని సవరించడానికి పూనుకొన్నారు. తమ జాతికి గర్వకారణమైన వాక్యాన్ని తామే దిద్దుకోవడం సులభం కాదు. ఆ ప్రచురణకర్తలను ఇందుకు మెచ్చుకోవాలి.

నాలుక పటం సంగతి ఇంతకన్నా విచారకరం. కొనమీద తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనుక చేదు అని నాలుకను దేశపటంవలె భాగాలు చేసిన బొమ్మ చూడనివారు అరుదు. 1901లో హేనిగ్ అనే జర్మన్ పరిశోధకుడు నాలుక అంచుల వెంబడి ఆయా రుచులు ఎంత తక్కువ మోతాదులో తెలియవస్తాయో కొలిచాడు. భేదాలు కనబడినవి గాని అవి స్వల్పమైనవి. 1942లో బోరింగ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన గ్రంథంలో ఆ ఫలితాలను గీసిన తీరువల్ల స్వల్పభేదం పెద్ద భేదంగా భ్రమింపజేసింది. "ఇక్కడ కొంచెం ఎక్కువ" అన్నది కాలక్రమాన "ఇక్కడ మాత్రమే" అయింది. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ పరీక్షించి, భేదాలు స్వల్పమేనని చూపింది. అయినా బొమ్మ పోలేదు.

ఆశ్చర్యమేమిటంటే దీనిని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఉగాదినాడు మన ఇంట పచ్చడి ఉంటుంది. అందులోని ఉప్పును, వేపపువ్వును నాలుక కొనకు తాకించి చూస్తే చాలు, అక్కడ ఉప్పదనమూ చేదూ తెలుస్తాయి. (అదే పచ్చడిలోని కారం శాస్త్రదృష్టిలో రుచే కాదు, వేడిని, నొప్పిని తెలిపే నాడుల పని. ఇదీ ఒక గడికి తగిన విషయమే.) నాలుకతో స్వయంగా తెలుసుకొన్నది రాసిన పిల్లవానికి మార్కులు పోయి, పటాన్ని వల్లెవేసినవానికి వచ్చే పక్షంలో, ఆ పుస్తకం శాస్త్రం బోధించిందని ఎట్లా అనగలం?

సంపాదకులు తప్పులే చేయకూడదని ఎవరూ అనరు. అమెరికాలోని మెరియం సంస్థవారి వెబ్‌స్టర్ మహానిఘంటువు రెండవ కూర్పు 1934లో వెలువడింది. అందులో "డార్డ్" అనే పదానికి "సాంద్రత" అని అర్థం ఇచ్చారు. అటువంటి పదం లోకంలో లేదు! 1931 జులై 31న రసాయనశాస్త్ర సంపాదకుడు ఒక చీటీ రాశాడు: సాంద్రతకు సంకేతం పెద్ద "డి" గాని చిన్న "డి" గాని కావచ్చునని. ఇంగ్లీషులో "గాని" అనే అర్థమిచ్చే "ఆర్" నడుమ ఉండడంతో, సంకేతాక్షరాల దొంతరలో పడవలసిన చీటీ పదాల దొంతరలో పడి, మూడు ముక్కలూ కలిసి "డార్డ్" అయినవి. ఎవరో దానికి ఉచ్చారణకూడా చేర్చారు. 1939 ఫిబ్రవరిలో ఒక సంపాదకుడు ఈ పదానికి వ్యుత్పత్తి లేదేమని వెదికితే గుట్టు బయటపడింది. తరువాత ఆ సంస్థ ప్రధాన సంపాదకుడు గోవ్, 1954లో ఈ కథ అంతా ఒక పత్రికలో తానే ప్రకటించాడు.

ఇక్కడ గమనించవలసినది చీటీ. ప్రతి పదానికీ వెనుక ఒక చీటీ, దానిమీద తేదీ ఉండబట్టే ఎనిమిదేండ్ల తరువాతనైనా తప్పు ఎక్కడ పుట్టిందో తేలింది. మన గడుల వెనుక అటువంటి చీటీలు ఉంటున్నవా?

తెలుగు భాషను గురించిన గడినే చూడండి. పదిహేనవ శతాబ్దిలో విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికోలో కాంటి మన భాషను "ప్రాచ్య ఇటాలియన్" అన్నాడని ఎన్నో పుస్తకాలలో అచ్చయింది. కాంటి యాత్రలను పోజియో అనే పండితుడు లాటిన్‌లో గ్రంథస్థం చేశాడు. ఆ గ్రంథంలో ఏ చోట ఈ మాట ఉన్నదో మన గడులు చెప్పవు. ఒకదానిని చూసి మరొకటి ఎత్తిరాస్తున్నవి. పుట చూపేవరకు దీనిని చరిత్రగా పిల్లలకు ఒప్పజెప్పరాదు.

మెచ్చుకోలును పక్కనపెడితే మిగిలే ముచ్చటే రుచికరమైనది. రెండు భాషలలోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఎక్కువగానే, అన్నీ కాదు: ఇటాలియన్‌లో "కాన్", "పెర్" వంటి చిన్న మాటలున్నవి, మనం రాతలో "పుస్తకము" అన్నా నోట "పుస్తకం" అని మకారంతోనే ఆపుతాము. జపాను భాషలోనూ మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి గనుక ఈ లక్షణం ఇటలీ సొత్తేమీ కాదు. ఇక పరభాషాపదం మన నోట పడితే ఏమవుతుందో తరగతిలోనే చూడవచ్చు. బస్సు, కారు, రోడ్డు, పెన్ను, బల్బు – ఇంగ్లీషులో హల్లుతో ఆగిన ప్రతి మాటకూ మనం ఉకారం తగిలించుకొన్నాము. ఇటువంటి మాటలు ఇంకో పది ఏరి, వాటిలో ఉకారం చేరనివి ఏవో, ఎందుకో కనుక్కోమని విద్యార్థులను అడిగితే అదే గడిలో ఇమిడిపోతుంది. కాంటి పేరు లేకపోయినా లోటు ఉండదు.