కలిసిపోయిన సంకేతాలను విడదీసే లెక్క

ఫోన్‌లో, వైఫై రూటర్‌లో యాంటెన్నాలు పెరిగితే వేగం పెరుగుతుందని చాలామందికి తెలుసు. ఆ వేగం కోసం పంపే యాంటెన్నాలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే క్షణంలో, వేర్వేరు సమాచారం వదులుతాయి. ఈ ఆలోచనకు స్టాన్‌ఫర్డ్‌లోని ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్‌లకు 1994లో పేటెంట్ దక్కింది. కలగలిసి వచ్చినదాన్ని విడదీసే భారమంతా రిసీవర్‌దే.

ఒక చిన్న లెక్క చేద్దాం. రెండు యాంటెన్నాల నుంచి క, ఖ అనే గుర్తులు బయల్దేరాయి. ఒక్కొక్కటి +1 గానీ −1 గానీ కావాలి. ముందే తెలిసిన పైలట్ సంకేతాలతో ఛానెల్‌ను కొలిచి పెట్టుకున్నాం: మొదటి రిసీవర్ యాంటెన్నాకు క+ఖ, రెండోదానికి క+0.8ఖ అందుతాయి. పంపింది క=+1, ఖ=−1. రావలసింది 0, 0.2. నాయిస్ వల్ల 0.15, 0.05 వచ్చాయి. బడిలో నేర్చుకున్నట్టు సమీకరణాలు సాధిస్తే, అంటే జీరో ఫోర్సింగ్ చేస్తే, ఖ=0.5, క=−0.35. రెండు గుర్తులూ తారుమారు! రెండు సమీకరణాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి కనుక తేడాను 0.2తో భాగించాల్సి వచ్చింది, నాయిస్ ఐదింతలైంది. నాయిస్‌ను ముందే లెక్కలోకి తీసుకునే ఎంఎంఎస్‌ఈ పద్ధతి ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తుంది.

ఇప్పుడు సాధ్యమైన నాలుగు జంటలనూ పరీక్షిద్దాం. వచ్చినదానికీ (+1, −1) జంట నుంచి రావలసినదానికీ మధ్య దూరపు వర్గం 0.045. (−1, +1)కి 0.085. మిగతా రెండూ ఎక్కడో ఉన్నాయి. సరైన జవాబే గెలిచింది. పంపినవి +1, −1 తప్ప వేరే కావన్న ఎరుకను జీరో ఫోర్సింగ్ చివర్లో మాత్రమే వాడుకుంది, ఈ పరీక్ష మొదటినుంచీ వాడుకుంది. డిటెక్షన్ విద్యకు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

కానీ నాలుగు యాంటెన్నాలతో 64-క్వామ్, అంటే ఒక్కో యాంటెన్నా నుంచి 64 గుర్తుల్లో ఒకటి, పంపితే పరీక్షించాల్సిన కలయికలు 1,67,77,216. అదీ ఒక్క క్షణంలో వచ్చినదానికే. అందుకే 1998లో బెల్ ల్యాబ్స్ వారి వి-బ్లాస్ట్ బాగా వినబడే సంకేతాన్ని ముందు తేల్చి, దాన్ని తీసేసి, మిగిలినదాంట్లో తర్వాతిదాన్ని వెతికింది. మొదట్లో తప్పితే ఆ తప్పు చివరిదాకా వెంటాడుతుంది. స్ఫియర్ డీకోడర్ కలయికలను చెట్టులా పేర్చి, దూరం హద్దు దాటిన కొమ్మను అక్కడికక్కడే నరికేస్తుంది. జవాబు ఖచ్చితం, పట్టే సమయం మాత్రం చెప్పలేం.

2008లో బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి చొక్కలింగం, సుందర్ రాజన్ బృందం మరో దారి చూపింది. చవకగా దొరికిన జవాబుతో మొదలుపెట్టి, ఒక్కో గుర్తునూ మార్చి చూసి, దూరం తగ్గితే ఆ మార్పును ఉంచుకోవడం. మన చిన్న లెక్కలో ఇది నడవదు: జీరో ఫోర్సింగ్ ఇచ్చిన (−1, +1)లో ఏ ఒక్క గుర్తు మార్చినా దూరం పెరుగుతుంది, అక్కడే ఇరుక్కుంటాం. రెండు గుర్తులూ ఒకేసారి మారాలి. చిత్రమేమిటంటే, యాంటెన్నాలు పదులు, వందలైనకొద్దీ ఇదే పద్ధతి అత్యుత్తమ జవాబుకు దగ్గరవుతూ పోతుంది.