తోడు వేసిన చెయ్యి

రాత్రి పాలలో తోడు వేసి మూత పెట్టేస్తాం. పొద్దున గడ్డ పెరుగు చూసి "ఆహా, ఎంత కమ్మగా ఉంది!" అంటారే గాని, తోడు వేసిన చెయ్యి ఎవరిదని ఎవరూ అడగరు.

2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు, మా పక్కింటి పిన్నిగారు మాత్రం అడిగారు. "కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సరే, కోచ్ మజుందార్‌గారూ సరే. అంతకుముందు వీళ్ళని దిద్దినవాళ్ళెవరే?"

నాకు చప్పున గుర్తొచ్చిన పేరు పూర్ణిమా రావు. సికిందరాబాదు ఆడపడుచు. ఒకప్పుడు మన జట్టుకి కెప్టెన్, తర్వాత కోచ్.

కెప్టెన్‌గా ఆమెకు దక్కింది మూడు టెస్టులు, ఎనిమిది వన్డేలే. ఆడవాళ్ళ క్రికెట్టు 2006 దాకా పెద్ద బోర్డు గొడుగు కిందికి రాలేదు. వేరే సంఘం ఒకటి చాలీచాలని డబ్బుతో నెట్టుకొచ్చేది. ఆ రోజుల్లోనే, 1995లో, న్యూజిలాండ్ వెళ్ళి అక్కడి శతజయంతి టోర్నమెంటు గెలుచుకొచ్చింది పూర్ణిమ జట్టు. అదే ఏడు జంషెడ్‌పూర్ టెస్టులో నీతూ డేవిడ్ ఒకే ఇన్నింగ్స్‌లో 53 పరుగులిచ్చి 8 వికెట్లు తీసినా, ఇంగ్లండ్ చేతిలో ఓడిపోయారు. ఎంత తేడాతో అనుకున్నారు? రెండంటే రెండే పరుగులు!

కోచ్‌గా ఆవిడ ఉన్న రోజుల్లో, 2016 జనవరిలో, ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే టీ20 సిరీస్‌లో 2-1తో ఓడించారు. ఇక్కడితో ఆపితే ఇది విమర్శ కాదు, సన్మానపత్రం అవుతుంది. రెండు నెలలు తిరక్కుండా మన దేశంలోనే జరిగిన టీ20 ప్రపంచ కప్పులో నాలుగు ఆటల్లో మూడు ఓడారు. పాకిస్తాన్ చేతిలో వాన లెక్క ప్రకారం 2 పరుగులు, వెస్టిండీస్ చేతిలో 3 పరుగులు, ఇంగ్లండ్ చేతిలో 2 వికెట్ల తేడా. ఆఖరి మెట్టు మీద కాలు జారే ఆ పాత జబ్బుకి కోచ్ బాధ్యత బొత్తిగా లేదనలేం.

కాని ఆ జబ్బుకి మందు పడుతున్నట్టే కనిపించింది. 2017 ఫిబ్రవరిలో కొలంబోలో ప్రపంచ కప్పు అర్హత పోటీల ఫైనల్. దక్షిణాఫ్రికా మీద ఆఖరి రెండు బంతుల్లో 8 పరుగులు కావాలి. హర్మన్‌ప్రీత్ ఒక సిక్సు కొట్టింది, చివరి బంతికి రెండు పరుగులు తీసింది. ఒక్క వికెట్టు మిగిలి ఉండగా గెలిచారు.

ఏప్రిల్ వచ్చేసరికి పూర్ణిమ కోచ్ కాదు. ప్రపంచ కప్పు ఇంకో రెండు నెలలుందనగా ఆమెను మార్చేశారు. తోడు వేసి మూత పెట్టిన మనిషిని తెల్లవారకుండానే వంటింట్లోంచి పంపేసినట్టు! కొత్తగా వచ్చిన తుషార్ అరోథే జట్టుని లార్డ్స్‌లో ఫైనల్ దాకా నడిపించారు. ఆయన శ్రమను నేను తీసిపారెయ్యను. ఆ ఫైనల్ ఇంగ్లండ్‌కి 9 పరుగుల తేడాతో పోయింది. పూర్ణిమ ఉండి ఉంటే గెలిచేవాళ్ళమా? అలా అనడం న్యాయం కాదు, అనను కూడా. కాని పెంచిన పిల్లలు పరీక్ష రాసే రోజున పక్కన ఉండే అవకాశం ఆమెకు ఇచ్చి ఉండాల్సింది. నా ఫిర్యాదల్లా అదే.

ఇదంతా విని పిన్నిగారు, "అయితే ఇంతకీ ఆవిడ గెలిచినట్టా, ఓడినట్టా?" అన్నారు.

కప్పుల లెక్కన చూస్తే ఏం చెప్పను? కాని ఆనాడు కొలంబోలో ఆఖరి బంతిని ఎదుర్కొన్న అమ్మాయే, 2025లో కెప్టెన్‌గా కప్పు ఎత్తింది. ఆ రాత్రి పిల్లలు ఆ కప్పుని మిథాలీ, ఝులన్ లాంటి పెద్దల చేతికి కూడా అందించారు. ముందు నడిచినవాళ్ళని మరిచిపోలేదన్నమాట.

"పిన్నిగారూ, పెరుగు తోడుకుంది కదా!" అన్నాను.

ఆవిడ నవ్వి, "అయితే సరే. ఆ పేరు ఇంకోసారి చెప్పు, మా మనవరాలికి చెబుతాను" అన్నారు.