ప్రజాభిప్రాయం: ప్రశ్న ఎవరిది?

ప్రజాభిప్రాయం అన్న మాట మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో తరచుగా దొర్లుతూ ఉంటుంది. ప్రజలు దీన్ని హర్షించరు, ప్రజలు దాన్ని కోరుతున్నారు అని మనం ధీమాగా రాసేస్తాం. ఏ ప్రజలు, వారిని ఎవరు అడిగారు, ఏమని అడిగారు అని నిలదీస్తే మన దగ్గర జవాబుండదు. ఆ జవాబు చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న సంస్థ ఒకటి 1935లో అమెరికాలో పుట్టింది. దాని చరిత్రతో సాహిత్య విమర్శకుడికేం పని అని కొందరనవచ్చు. కాని ఆ సంస్థ పనిముట్టు ప్రశ్న. ప్రశ్న అంటే భాష. కనుక అది మన పనే అని నేననుకుంటాను.

జార్జి గాలప్ 1901లో అయోవా రాష్ట్రంలో జన్మించాడు. పత్రికలో పాఠకుడు నిజంగా ఏ భాగాలు చదువుతున్నాడో కొలిచే పద్ధతి మీద 1928లో డాక్టరేటు పొందాడు. 1932లో యంగ్ అండ్ రూబికామ్ అనే వ్యాపార ప్రకటనల కంపెనీలో పరిశోధన బాధ్యతలు చేపట్టాడు. 1935లో ప్రిన్స్‌టన్‌లో సొంత సంస్థ పెట్టి, సర్వే ఫలితాలను ‘అమెరికా మాట్లాడుతున్నది’ అన్న శీర్షికతో పత్రికలకు అమ్మసాగాడు. అంటే సరుకు కొనేవాడి మనసును కొలిచిన కొలబద్దతోనే ఓటరు మనసునూ కొలవడం మొదలైందన్నమాట. ఈ పుట్టుకను మరిచిపోకూడదు. అయితే పుట్టుకను చూపి ఒక పద్ధతిని తోసిపుచ్చడం విమర్శ అనిపించుకోదు.

ఎందుకంటే అందులో శాస్త్రం ఉన్నది. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్టు పత్రిక కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై మూడు లక్షలకు పైగా తిరిగివచ్చాయి. వాటిని లెక్కించి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని చాటింది. గాలప్ అందులో పిసరంతమందిని అడిగి రూజ్వెల్టు గెలుస్తాడన్నాడు. తన మాట తప్పితే పత్రికల డబ్బు వాపసు ఇస్తానన్నాడు. రూజ్వెల్టు 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. డైజెస్టు తన చిరునామాలను ఎక్కువగా టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి సేకరించింది. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో వేరే చెప్పాలా?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టి చూస్తే చాలు. ఈ మాటనే గాలప్ సూపును ఉదహరించి చెప్పేవాడు. కాని సమాజం ఒక్క మంట మీద ఉడికే అన్నం కాదు. అడుగున మాడేది మాడుతుంది, పైన పలుకుగా మిగిలేది మిగులుతుంది. మెతుకు ఎక్కడి నుంచి తీశామన్నదే అసలు సంగతి.

ఈ సంగతి 1948లో గాలప్‌కూ తెలిసివచ్చింది. ఇంతమంది పురుషులు, ఇంతమంది స్త్రీలు, ఇంత ఆదాయం గలవారు అని వాటాలు వేసి, ఆ వాటాలో ఎవరిని పలకరించాలన్నది మాత్రం అడిగేవాడి ఇష్టానికి వదిలేశారు. అడిగేవాడు సహజంగానే తనకు సులువుగా దొరికినవారిని అడిగాడు. పైగా అక్టోబరు నడుమనే అడగడం ఆపేశారు. డ్యూయీకి 49.5 శాతం, ట్రూమన్‌కు 44.5 శాతం అన్నారు. చివరకు ట్రూమన్ 49.6 శాతంతో గెలిచాడు, డ్యూయీకి 45.1 వచ్చింది. ఆ దెబ్బతో సంస్థ వాటాల పద్ధతి వదిలి, ఎవరిని అడగాలో లాటరీ తీసినట్టు నిర్ణయించే పద్ధతికి మారింది. తప్పును ఒప్పుకుని దిద్దుకోవడం శాస్త్రం లక్షణం. ఇందుకు గాలప్‌ను మెచ్చుకోవలసిందే.

కాని లెక్కలతో దిద్దలేని తప్పులు రెండున్నాయి. మొదటిది: ఎన్నికల జోస్యమే పరీక్ష కాబట్టి 1930లలో గాలప్ నమూనా ఓటువేసే జనానికే అద్దం పట్టింది. దక్షిణ రాష్ట్రాల్లో ఓటుకు దూరం చేయబడిన నల్లజాతివారు అందులో దాదాపు కనిపించరు. స్త్రీలు కూడా తమ సంఖ్యకు తగినంతగా లేరు. అమెరికా మాట్లాడుతున్నదన్న ఆ శీర్షిక కింద మౌనంగా ఉండిపోయిన అమెరికా అది.

రెండవది ప్రశ్నలోని మాట. 1941లో డొనాల్డ్ రగ్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించాడు. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకమైన ఉపన్యాసాలను అనుమతించాలా అని అడిగితే, వద్దన్నవారు 62 శాతం. అవే ఉపన్యాసాలను నిషేధించాలా అని అడిగితే, నిషేధించాలన్నవారు 46 శాతమే. అనుమతించకపోవడం, నిషేధించడం ఆచరణలో ఒకటే. మాట మారగానే పదహారు శాతం తేడా వచ్చింది. ఒక పదం బరువెంతో ఇంతకంటే బాగా ఏ అలంకారశాస్త్రం చెప్పగలదు?

1973లో ఫ్రెంచి సామాజికవేత్త పియెర్ బోర్డ్యూ ఇంకా లోతుకు వెళ్లాడు. అందరికీ అన్నిటి మీదా అభిప్రాయం ఉంటుందనీ, ఏ ప్రశ్నలు అడగదగినవో అందరూ ముందే ఒప్పుకున్నారనీ సర్వే భావించుకుంటుందన్నాడు. కూలివాడు తన ప్రశ్నను తాను వేయలేడు. ఎవరో వేసిన ప్రశ్నకు అవుననో కాదనో అనగలడు, అంతే.

ఇంతవరకు గాలప్‌ను విమర్శించడం మనకు సుఖంగానే ఉంటుంది. కాని మన సంగతేమిటి? గాలప్ తప్పుగానైనా అడిగాడు. అడగకుండానే ప్రజల తరఫున మాట్లాడే మనకు ఆ తప్పు చేసే అవకాశం కూడా లేదు.

మన సంప్రదాయం ఇది కాదు. 1897 నాటి కన్యాశుల్కం తొలికూర్పు పీఠికలో గురజాడ అంకెలిచ్చారు. విజయనగరం మహారాజు విశాఖపట్టణం జిల్లాలో తయారు చేయించిన జాబితాలో, మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాలు నమోదయ్యాయి. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కనుక ఆ జాబితా సమగ్రం కాదని కూడా ఆయనే చెప్పారు. అంకెను చెప్పి, అంకె లోపాన్నీ చెప్పి, ఆ తరువాత నాటకం చూపారు. అమ్మకానికి సిద్ధమైన సుబ్బిని ఆ ఇంట్లో అభిప్రాయం అడిగేవాడెవడు? ఆ అడగకపోవడాన్నే గురజాడ రంగస్థలం మీదికి తెచ్చారు.

అభ్యుదయ రచయిత లెక్కను ఈసడించనక్కరలేదు, దానికి మొక్కనూ అక్కరలేదు. ప్రజలు అంటున్నారు అని రాసే ముందు పోయి అడగాలి. అడిగిన తరువాత, మన ప్రశ్నలో ఇమడని జవాబు ఎవరి దగ్గర మిగిలిపోయిందో వెతకాలి. సర్వే ఆగిన చోట మన పని మొదలవుతుంది.