పరకాయ సంభాషణకు శిక్షణ: మార్లవాయి నేపథ్యంలో ఒక పరిశీలన

దూరాన ఉన్న మనిషి మరబొమ్మ దేహం ద్వారా ఎదుటివారితో మాట్లాడడం నేడు కేవలం కల్పన కాదు. జపాన్ శాస్త్రవేత్త హిరోషి ఇషిగురో 2006లో తన పోలికలతోనే ‘జెమినాయిడ్’ను రూపొందించాడు. నడిపే వ్యక్తి వేరొకచోట కూర్చుని మాట్లాడితే ఆ మాటకు తగినట్లు బొమ్మ పెదవులు కదులుతాయి. 2021లో టోక్యోలో స్థిరపడిన ‘డాన్’ కెఫేలో, ఇల్లు విడిచి రాలేని దివ్యాంగులు ‘ఒరిహిమె’ రోబోల ద్వారా అతిథులను పలకరిస్తున్నారు. ఇలా మాట్లాడేవారికి ఏ శిక్షణ అవసరమన్నది ఇక్కడి విచార్యాంశం.

యంత్రాన్ని కదిలించే నేర్పే ఆ శిక్షణ అన్న భావన తెలుగు ప్రదర్శన సంప్రదాయం ముందు నిలవదు. తోలుబొమ్మలాటలో తెర వెనుక బొమ్మను ఆడించే కళాకారుడే దాని గొంతు కూడా అవుతాడు. ప్రేక్షకుల నవ్వును, నిశ్శబ్దాన్ని వింటూ కేతిగాడి హాస్యాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు. చేతికి ఎంత సాధన కావాలో చెవికీ అంత కావాలి.

జైనూర్ మండలంలోని మార్లవాయి ఈ చర్చకు మరో కోణాన్ని చేరుస్తుంది. పద్మశ్రీ గ్రహీత కనకరాజు గుస్సాడీని యువతరానికి నేర్పిన ఊరు ఇది. దండారి వేళ నెమలి పింఛాల కిరీటం ధరించిన గుస్సాడీ దైవస్వరూపంగా గౌరవం పొందుతాడు. ఆ కిరీటం కింద ఉన్నది ఎవరో ఊరికి తెలుసు. అయినా గౌరవం తగ్గదు. గుస్సాడీ ఆరాధనారూపం కనుక దానిని మరబొమ్మతో సమానం చేయరాదు. అయితే పరదేహానికి, వేషానికి దక్కే విశ్వాసం మానవాకారపు పోలిక మీద కాక సమాజం అంగీకారం మీదా, వేషధారి పాటించే నియమాల మీదా నిలుస్తుందని అది తెలుపుతుంది.

ఆ అంగీకారానికి భాష మూలం. 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. బయటి ఉపాధ్యాయుడికి గోండు పిల్లలను అలవాటు చేయడం కన్నా, వారి భాష మాట్లాడే వారినే ఉపాధ్యాయులుగా తీర్చడం ఆ పథకంలోని వివేకం.

రేపు హైదరాబాదు నుంచి నడిచే రోబో జైనూర్ బడిలోనో ఆసుపత్రిలోనో నిలబడితే, దాని ముఖం ఎంత మనిషిని పోలినా, గోండీ వినలేని గొంతు ఆ దూరాన్ని తగ్గించలేదు. నడిపేవారు తాము ఎవరో ముందే చెప్పడం, వినేవారి భాష నేర్వడం, తమ మాటకున్న పరిధిని గుర్తించడం శిక్షణలో తొలి పాఠాలు కావాలి. అంతకన్నా మౌలికమైన ప్రశ్న మరొకటి ఉంది. మార్లవాయి యువతి అదే యంత్రం ద్వారా హైదరాబాదు కార్యాలయంలో తన ఊరి మాటను వినిపించే అవకాశం ఉంటుందా? సూత్రం రెండు వైపులా అందినప్పుడే అది సంభాషణ అవుతుంది. ఒకవైపే ఉంటే అది ఆజ్ఞగా మిగులుతుంది.