‘ఇల్లు’ నుండి ‘ఇంటి’కి: ద్వితీయ భాషగా తెలుగు బోధన – సమాసపద నిర్మాణం – డచ్చి వ్యాకరణంతో ఒక పోలిక

నర్సీపట్నం, భీమునిపట్నం అనే ఊరిపేర్లలో ఉత్తరపదం ఒక్కటే. పూర్వపదం ఒకచోట ‘నర్సీ’గా నిలిచింది, మరొకచోట ‘భీముడు’ అన్న రూపాన్ని వదిలి ‘భీముని’ అయింది. తెలుగు మాతృభాషగా గలవారు ఈ మార్పును గమనించరు. రెండవ భాషగా నేర్చుకొనేవారికి పదనిర్మాణంలో చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు వెళితే విశాఖ మన్యం. అక్కడ ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు బడి తెలుగు రెండవ భాషే.

సమాసబోధన సాధారణంగా విగ్రహవాక్యంతో మొదలై సమాసనామంతో ముగుస్తుంది. ‘ఇంటిపేరు’కు ‘ఇంటి యొక్క పేరు’ విగ్రహవాక్యం, షష్ఠీ తత్పురుష పేరు. ‘ఇల్లు’ ‘ఇంటి’గా ఎట్లా మారిందన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు; విగ్రహవాక్యమే ఆ రూపాన్ని ముందుగా స్వీకరించింది. కనుక ఈ పద్ధతి తెలుగు వచ్చినవారికే ఉపయోగపడుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఇ, టి, తి అనే ఔపవిభక్తికాలను ఆచ్ఛిక పరిచ్ఛేదంలోను, సమాసాలను వేరొక పరిచ్ఛేదంలోను వివరించింది. శాస్త్రక్రమంగా అది సమంజసమే. దానినే బోధనాక్రమంగా స్వీకరించడం సమంజసం కాదు.

ఒకప్పుడు భీమునిపట్నంలో వర్తకం నడిపిన డచ్చివారి భాష ఇక్కడ పోలికకు ఉపకరిస్తుంది. డచ్చిలో ‘బూక్’ అంటే పుస్తకం. పుస్తక దుకాణం ‘బూక్‌వింకెల్’; పుస్తకాల బీరువా ‘బూకెన్‌కాస్ట్’. రెండవదానిలో నడుమ ‘ఎన్’ చేరింది. ఇటువంటి సంధాయకాలలో కొన్ని ప్రాచీన విభక్తి ప్రత్యయాల అవశేషాలు. ఏ పదంలో ఏది చేరుతుందో సూత్రబద్ధంగా పూర్తిగా చెప్పలేము. అందువల్ల అభ్యాసకుడు చాలా సందర్భాలలో సమస్తపదాన్నే నేర్చుకోవాలి.

తెలుగులోనూ ‘కనురెప్ప’, ‘కంటిపాప’ పక్కపక్కనే ఉన్నాయి. ‘కన్నీరు’ వంటివాటిని పదాలుగానే నేర్వాలి. కాని ఒక ముఖ్యభేదం ఉంది. ‘బూకెన్‌’లోని ‘ఎన్’ విభక్త్యర్థాలకు పనికిరాదు. ‘ఇంటి’ మాత్రం సమాసానికే పరిమితం కాదు: ఇంటికి, ఇంటిలో, ఇంటిపేరు అన్నింటికీ అదే ఆధారం. నోరు–నోటి, ఏరు–ఏటి, చేయి–చేతి, కాలు–కాలి కూడా అంతే. ఆధునిక తెలుగుకు భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ రచించిన వ్యాకరణం (1985) ఈ అంగరూపాన్ని నామ విభక్తులకు ఆధారంగా గుర్తించింది. సమాసబోధన కూడా అక్కడినుండే మొదలుకావాలి. డచ్చి అభ్యాసకుడు పదం పదానికీ మోయవలసిన భారాన్ని తెలుగు అభ్యాసకుడికి ఒక్క రూపం చాలావరకు తగ్గించగలదు.

అందువల్ల ద్వితీయ భాషా వాచకాలలో ‘ఇల్లు, ఇంటి’ అని రెండు రూపాలను తొలిపాఠం నుండే జంటగా ఇవ్వాలి. సమాసనామాలు పైతరగతుల వరకు ఆగవచ్చు. మూల్యాంకనంలోనూ ఈ దృష్టి అవసరం. ‘ఇల్లుకు’, ‘ఇల్లు పేరు’ అని రాసిన విద్యార్థికి విభక్తిలో ఒకటి, సమాసంలో ఒకటి అని రెండు దోషాలు లెక్కించడం సరికాదు. అతనికి అందనిది ఒక్క రూపమే.